లేవన్న పడవలు

నూకరత్నం ఆ పేజీని మళ్ళీ మళ్ళీ చదివింది. ఎన్నిసార్లు చదివితే మాత్రం ఏం లాభం, అచ్చయిన అక్షరం దానంతటది మారుతుందా?

‘జోగులు బస్తీలో చేపల వేట దాదాపు ఆగిపోయింది. కుటుంబాల దగ్గర పడవలు లేవు. ఇసుక ఒడ్డు వాడకంలో లేదు. ఒడ్డును విహార స్థలంగా మారిస్తే స్థానికుల బతుకుతెరువుకు నష్టం ఉండదు.’

నష్టం ఉండదట! ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. జోగులు బస్తీ ఈ దీవుల్లో ఆమె పుట్టి పెరిగిన చోటు. బాంబూఫ్లాట్ జెట్టీలో దిగి ఆటో ఎక్కితే, దారి కొండ పక్కగా తిరిగి తిరిగి, ఇక పోవడానికి చోటు లేక సముద్రం ముందు ఆగిపోతుంది. అదే బస్తీ. అక్కడున్నదల్లా ఒక్క ముక్క ఇసుక ఒడ్డు. దానికి ఒక పక్కన రాళ్ళు, రెండో పక్కన మడచెట్ల మధ్య ఉప్పునీటి పాయ. ఖాడీ అంటారు దాన్ని, మొసళ్ళు తిరుగుతాయి. పడవను ఒడ్డెక్కించాలంటే ఆ ఇసుక ముక్క తప్ప వేరే దిక్కులేదు. అది పోయిందంటే బస్తీ అంతా వలలు చుట్టి అటక మీద పెట్టుకోవలసిందే.

ఇంతకీ ఆ పేజీ రాసింది ఎవరో పరాయివాళ్ళు కాదు, ఆమె పనిచేసే ఆఫీసే. మెయిన్‌ల్యాండ్‌లోని ఒక విశ్వవిద్యాలయం వాళ్ళ అధ్యయన కేంద్రం అది. సర్కారు ఏదైనా పని తలపెట్టే ముందు జనం ఎలా బతుకుతున్నారో, ఎవరికి దెబ్బ తగులుతుందో కనుక్కుని చెప్పడం దాని వృత్తి. టౌన్‌లో ఒక హార్డ్‌వేర్ దుకాణం మీద రెండు గదులు తీసుకుని బోర్డు పెట్టారు. ఈ ఏడాది వాళ్ళ పని తీరాల మీద పడింది. ఏ ఒడ్డు వాడకంలో ఉంది, ఏది లేదు, దేన్ని నడకదారులకీ నీటి ఆటలకీ ఇవ్వచ్చు అని సర్కారు అడిగింది. సొంత ఊళ్ళో సొంతవాళ్ళు సర్వే చేయకూడదని కేంద్రంలో ఒక నియమం. మంచి నియమమే. అందుకే నూకరత్నాన్ని చౌల్దారీ వైపు పంపి, జోగులు బస్తీకి లాయిడ్‌ని పంపారు.

లాయిడ్ దూరంగా ఉత్తరాన ఉన్న డిగ్లీపూర్ వాడు. వాళ్ళ తాతలది ఆంధ్ర, ఇంట్లో ప్రార్థన తెలుగులో, పొలంలో వరి. మనిషి బంగారం. కాకపోతే సముద్రం సంగతి అతనికి ఓడ టికెట్ దాకానే తెలుసు.

“లాయిడ్ భయ్యా, ఇదేంటి?” అని ఆమె ఆ పేజీ తెచ్చి అతని బల్ల మీద పెట్టింది.

“నన్నేం చేయమంటావ్ రత్నా. ఏ గుమ్మం వదల్లేదు. అందరిదీ ఒకటే మాట. పడవ లేదు, వల లేదు, వేటకి పోవడం మానేసి చాలా కాలమైంది అని. మీ అత్త అయితే ఏడ్చినంత పని చేసింది. నాకే పాపమనిపించి సంచిలో ఉన్న బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి వచ్చా.”

“తీసుకుందా?”

“తీసుకుంది.”

ఆమెకు నవ్వు వచ్చింది, వెనకాలే ఒళ్ళు మండింది. అత్త ఏడ్చిన ఆ పూట లోపల పొయ్యి మీద కానాగంతల చేపల పులుసు ఉడుకుతూ ఉండి ఉంటుంది. లాయిడ్‌కి ఆ వాసనైనా తగల్లేదా అనుకుంది. తగిలి ఉంటుంది, పక్కింటిదనుకుని ఉంటాడు.

అబద్ధాలకోరులా ఆ జనం అంటే, కాదు. బజారులో చేప తూకం దగ్గర ఒక్క మాట తేడా రాదు వాళ్ళకి. వాళ్ళు బొంకేది సర్వే వాళ్ళ దగ్గర మాత్రమే. దానికో కథ ఉంది. సునామీ వచ్చి పోయాక బస్తీ అంతా రేకుల షెడ్లలో తలదాచుకుంటున్నప్పుడు, ఎవరికి ఏం పోయిందో రాసుకోవడానికి మనుషులొచ్చారు. గోవిందు, అంటే ఆ అత్త ఎరుకమ్మ మొగుడు, నూకరత్నానికి మావయ్య, ఉన్నదున్నట్టు చెప్పాడు. పడవ విరిగింది గానీ ఇంజన్ బాగానే ఉంది, చెక్క దొరికితే నేనే బాగుచేసుకుంటాను అన్నాడు. రాసుకున్నారు. తర్వాత కొత్త పడవలు వచ్చిన రోజున అతని పేరు లేదు. అంతా పోయిందని గుండెలు బాదుకున్నవాళ్ళకి వచ్చాయి. పుట్టి బుద్ధెరిగి పడవ లేనివాడికి కూడా ఒకటి వచ్చింది. గోవిందు చాలా కాలం ఆ పడవల మీదే కూలికి వెళ్ళాడు.

ఆ దెబ్బతో బస్తీకి బుద్ధొచ్చింది. ఇదీ ఒక బుద్ధేనా అని మనం అనొచ్చు, మన పడవ విరగలేదు కదా. అప్పటినుంచి చేతిలో కాగితాలున్న మనిషి బాంబూఫ్లాట్ జెట్టీలో దిగితే చాలు, ఆటోవాడు ఫోన్ చేసేస్తాడు. ఒడ్డున ఉన్న పడవలన్నీ ఖాడీలోకి పోతాయి. వలలు మంచాల కిందకి పోతాయి. ఆడవాళ్ళు పాత చీరలు కట్టుకుంటారు. పండగ పనులంత పద్ధతిగా జరిగిపోతుంది ఇదంతా. ఎవరూ చెప్పుకోనక్కర్లేదు, ఎవరి పని వాళ్ళకి తెలుసు.

నూకరత్నం సేన్ మేడమ్ గదిలోకి వెళ్ళింది. మేడమ్ ప్రొఫెసర్, మెయిన్‌ల్యాండ్ నుంచి ఈ పని మీదే వచ్చి ఉంటోంది. అరిచే మనిషి కాదు. అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

“నువ్వు చెప్పేది నమ్ముతున్నాను. కానీ నమ్మకం రాయలేను కదా. ఊరంతా లేదన్నది, నా ఉద్యోగి ఒకామె ఉందన్నది, ఆమెది ఆ ఊరే. ఏం రాయమంటావు? రేపు ఇంకో ఊరి పిల్ల వచ్చి ఇంకోటి మార్చమంటే?”

“మరి ఒడ్డు పోతుంది మేడమ్.”

“వచ్చే వారం అక్కడే సభ పెడదాం. ఆఫీసరు గారినీ రమ్మంటాను. మనం రాసింది చదివి వినిపిస్తాం. వాళ్ళ నోటితో వాళ్ళు కాదంటే ఆ పేజీ నేనే చింపేస్తాను. వెళ్ళి మాట్లాడు.”

చదువుకున్నవాళ్ళు దీన్ని వాలిడేషన్ అంటారు. ఏమీ లేదు, మీరన్న మాట మీకే వినిపించి అవునా కాదా అని అడగడం. నూకరత్నానికి పోయిన ప్రాణం లేచొచ్చింది. నిజం చెప్పడమే కదా, అదెంత పని అనుకుంది.

టౌన్ వైపు జెట్టీ చాతంలో ఫెర్రీ కోసం నిలబడితే కాళ్ళు ఒక చోట ఆగలేదు. ఎక్కాక కూడా కూర్చోలేకపోయింది. ముందుకు వెళ్ళింది, వెనక్కి వచ్చింది. మనసులో మాటలు కూర్చుకుంటోంది, కూర్చినవి చెదిరిపోతున్నాయి. పక్కనున్న ముసలాయన, ఏం బేటీ, సముద్రం పడదా అని అడిగాడు. సముద్రం మీద పుట్టినదాన్ని పట్టుకుని.

ఎరుకమ్మ పెరట్లో చేపలు తోముతోంది. తల్లీతండ్రీ లేని పిల్లను చేరదీసి పెంచిన మేనత్త ఆమె. నూకరత్నం టౌన్‌లో గది తీసుకున్నా ఆదివారం వస్తే ఇక్కడే తిండి, ఇక్కడే పడక.

“ఏటే గుంటా, ఇయేల ఆఫీసు నేదా?”

“ఆఫీసు పని మీదే వచ్చాను అత్తా. లాయిడ్ భయ్యాకి ఏటి చెప్పావ్?”

“ఏ లాయిడ్?”

“బిస్కెట్లిచ్చినాయన.”

“ఓ, ఆ బాబా. మంచోడే పాపం. పడవల్నేవని సెప్పీసినాం. ఏటి, సాంక్షన్ అయిపోనాదేటి?” ఎరుకమ్మ మొహం వెలిగిపోయింది. “ఈసారి ఏటిస్తారు, ఇంజన్లా, ఐసు పెట్టెలా?”

“ఒడ్డు తీసేసుకుంటారు అత్తా.”

కూర్చోబెట్టి చెప్పింది. పడవల్లేని ఊరికి ఒడ్డెందుకని అడుగుతున్నారని, అక్కడ నడకదారి వేసి, టికెట్ పెట్టి, రంగురంగుల బోట్లు తిప్పుతారని చెప్పింది. ఈలోగా గోవిందు వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. బస్తీ పెద్ద సూరయ్య కూడా వచ్చాడు.

“అప్పుడు నిజం సెప్పినాను,” అన్నాడు గోవిందు. “నోట్లో మట్టి కొట్టినారు. ఇప్పుడు మళ్ళీ నన్నే సెప్పమంటావా?”

“అప్పుడు వేరు మావయ్యా.”

“ఆల్లే కదే. కుర్సీ మీద మనిషి మారినాడు గానీ కుర్సీ అదే.”

సూరయ్యకి ఇంకో భయం. “ఇన్నాళ్ళూ నేదు నేదని సెప్పి సర్కారు సాయాలు తీసుకున్నాం. ఇప్పుడు ఉన్నాయంటే, తిన్నదంతా కక్కమంటారు. నంబరేదీ, లైసెన్సేదీ అంటారు. ఏటి సేస్తాం?”

“మేడమ్‌తో నేను మాట్లాడతాను తాతా. మీ మీదకి రానివ్వను,” అంది నూకరత్నం. అనేసింది గానీ, ఆ మాట ఏ ధైర్యంతో అన్నదో ఆమెకే తెలియదు. ఉద్యోగం పేరిట ఆమె చేతిలో ఉన్నది ఒక పెన్నూ, ఒక గుర్తింపు కార్డూ.

సూరయ్య చాలాసేపు ఇసుక వైపు చూశాడు. “అచ్ఛా. పడవలున్నాయని మేమే సెప్పుకుంటాం. గానీ ఖాడీ మాట నీ నోట రాకూడదు. ఎక్కడ పెడతామో ఆల్లకి తెలిస్తే రేపన్నరోజు మనకింక దాపు నేదు. మాటియ్యి.”

“చెప్పను తాతా,” అంది ఆమె.

“పక్కా సెప్తాం, పో,” అంది ఎరుకమ్మ. చెయ్యి కడుక్కుని తల నిమిరి, తినీసి ఎల్లు అంది. నవ్వింది కూడా. ఆ నవ్వు నూకరత్నానికి తెలుసు. సర్వే వాళ్ళని సాగనంపేటప్పుడు అత్త నవ్వేది అచ్చం అలాగే. తనతో ఎప్పుడూ అలా నవ్వలేదు. నిజంగా చెబుతుందా, లేక తననీ సాగనంపుతోందా? అత్త మాట నమ్మాలా వద్దా అని ఆలోచించవలసి రావడం ఆమెకు అదే మొదలు.

ఆ వారమంతా కాలు కాలిన పిల్లిలా తిరిగింది. ఆఫీసులో కూర్చుంటే బస్తీకి వెళ్ళాలనిపించేది, వెళ్ళి గుమ్మంలో నిలబడితే వచ్చేయాలనిపించేది. అత్తకి ఫోన్ చేసి చెబుతావు కదా అనేది. సెప్తానని సెప్పీసినాను కదే అని అత్త. లాయిడ్ టీ తెచ్చిపెడితే చల్లారిపోయేది. “వాళ్ళ ఒడ్డు, వాళ్ళకే అక్కర్లేకపోతే నువ్వెందుకు చిక్కిపోతావ్?” అన్నాడతను ఒకరోజు. ఆమె కసిరింది. తర్వాత అతని మాటే రోజంతా చెవిలో తిరిగింది.

సభ రోజు వచ్చింది. బస్తీ కమ్యూనిటీ హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఒడ్డుల ప్లాను చూసే ఆఫీసరు తెల్ల జీపులో వచ్చాడు. జీపు కొండ మలుపు తిరగకముందే ఒడ్డు ఖాళీ అయిపోయింది. హాలు కిటికీలోంచి చూసి నూకరత్నం నిట్టూర్చింది. ఇసుక మీద పడవలు లాగిన చారలు కూడా కొబ్బరి మట్టలతో చెరిపేశారు. నోటితో ఉన్నాయని చెప్పబోయే మనుషులు ఇది మాత్రం ఎందుకు చేసినట్టు? అలవాటు కాబోలని సర్దిచెప్పుకుంది.

మేడమ్ పేజీని హిందీలో చదివి వినిపించింది. ఇక్కడ హిందీ రానివాళ్ళుండరు. చదవడం అయ్యాక ఆగి, “ఇది తప్పు అనేవాళ్ళు ఉంటే చెప్పండి. మీరు చెప్పిందే రాస్తాను,” అంది.

ఎవరూ లేవలేదు. ఫ్యాను తిరుగుతోంది. సూరయ్య గోళ్ళు చూసుకుంటున్నాడు. నూకరత్నం అత్త వైపే చూస్తోంది. ఎరుకమ్మ చీర సర్దుకుని లేచింది. పాత చీర, భుజం దగ్గర చిరుగు. నోరు తెరవబోయింది. అదే సమయానికి ఆఫీసరు జేబులోంచి పెన్ను తీసి మూత విప్పాడు.

అంతే. ఆ పెన్ను చూడగానే ఆమె మొహం మారిపోయింది. రేకుల షెడ్డులో ఇలాంటి పెన్ను ముందే కదా మొగుడు నిజం చెప్పి మోసపోయింది.

“నావ్ కహాఁ సే ఆయేగా సాబ్,” అంది దీనంగా. “పడవలెక్కడివి మాకు, మా దగ్గర ఏముంది. మేం గరీబోళ్ళం.”

హాలంతా ఊపిరి పీల్చుకుంది. తలలు ఊగాయి. హాఁ సాబ్, సచ్ బాత్ సాబ్, నిజమే అని వెనక నుంచి గొంతులు వచ్చాయి. సూరయ్య కూడా తలూపాడు.

“అత్తా,” అంది నూకరత్నం. ఎరుకమ్మ ఆమె వైపు చూడలేదు, కూర్చుండిపోయింది.

ఆఫీసరు రాసుకుని పెన్ను మూత పెట్టేశాడు. ఒక పని తెమిలింది అన్న తేలిక అతని మొహంలో. అందరూ బయటికి నడిచారు. మేడమ్ నూకరత్నం పక్కకి వచ్చి మెల్లగా, “అవకాశం ఇచ్చాను. ఇంక నేను వేరేలా రాయలేను,” అంది. ఆమె తప్పేం లేదు. ఎవరి తప్పూ లేదు. అందుకే నూకరత్నానికి ఏడుపు ముంచుకొచ్చింది, తిట్టడానికి ఒక్క మనిషి దొరకనందుకు.

జీపు తలుపు తీశారు. లాయిడ్ సంచి లోపల పెడుతున్నాడు. ఇప్పుడు నోరు మూసుకుంటే మాట నిలబడుతుంది, ఒడ్డు పోతుంది. వచ్చే వర్షాల నాటికి అక్కడ టికెట్ గది లేస్తుంది. మావయ్య టోపీ పెట్టుకుని టూరిస్టుల చెప్పులు కాపలా కాస్తాడు. ఆ బొమ్మ కళ్ళ ముందు కదిలింది. మాటిచ్చాను అనుకుంది. మాటిచ్చాను, మాటిచ్చాను అని ఇంకా అనుకుంటూనే ఉంది, నోరు తెరిచేసింది.

“మేడమ్, కాస్త దూరం నడవండి నాతో. సార్, మీరు కూడా రండి.”

హాలు వెనక నుంచి సన్నటి దారి, బురద. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని ముందు నడిచింది. వెనక మేడమ్, లాయిడ్, ప్యాంటు మడుచుకుంటూ ఆఫీసరు. ఎటు పోతోందో బస్తీకి క్షణంలో అర్థమైంది. ఎరుకమ్మ పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది.

“ఒద్దే గుంటా. నీకు దండం పెడతాను. మాటిచ్చినావే.”

“నువ్వూ ఇచ్చావు కదా అత్తా.”

“నాకు నోరు రానేదే. నిజం సెప్తాను. ఇంకోసారి పిలు, అప్పుడు సెప్తాను.”

ఇంకోసారి ఉండదని అత్తకి ఎలా చెప్పాలి? నూకరత్నం ఆ చెయ్యి విడిపించుకుంది. గట్టిగా విడిపించుకోవలసి వచ్చింది. అత్త గాజు ఒకటి చిట్లింది.

మడచెట్ల కొమ్మలు తప్పించి చూస్తే ఖాడీ నిండా పడవలే. నీలం, ఎరుపు, ఆకుపచ్చ, ఒకదాని వెనక ఒకటి తాళ్ళతో కట్టి ఉన్నాయి. ఇంజన్ల మీద టార్పాలిన్ కప్పారు. తడి వలలు, పొద్దున పట్టిన చేపల వాసన. మొసలి ఉంది జాగ్రత్త అన్న బోర్డు పక్కన, మోకాళ్ళ లోతు నీళ్ళలో, ఒక చేత్తో తాడు, ఒక చేత్తో వెదురు గెడ పట్టుకుని గోవిందు నిలబడి ఉన్నాడు. సభ అయ్యేదాకా ఎవరో ఒకరు అలా కాపలా ఉండాలి. ఈసారి అతని వంతు.

ఆఫీసరు ఫోన్ తీసి ఫోటోలు తీసుకున్నాడు. లాయిడ్ పడవలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి తల దించుకున్నాడు. మేడమ్ హిందీలో మర్యాదగా అడిగింది, ఇవన్నీ మీవేనా అని.

గోవిందు నూకరత్నం వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో, ఉంటే బాగుండేది.

“నీకు తెలవదేటి?” అన్నాడు తెలుగులో.

తర్వాత జరిగిందంతా మంచే, చెప్పుకోవాలంటే. మేడమ్ అన్నట్టుగానే ఆ పేజీ చింపేసింది. జోగులు బస్తీ ఒడ్డు పూర్తి వాడకంలో ఉంది, దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ వేరే పనికి ఇవ్వకూడదు అని కొత్త పేజీ రాసింది. సర్కారు ఒప్పుకుంది. నడకదారి ఇంకెక్కడికో పోయింది. దానితోపాటు పడవలకి నంబర్లు వేయించుకోవాలని, లైసెన్సులు తీసుకోవాలని బస్తీకి నోటీసులు వచ్చాయి. తిన్నది కక్కమని మాత్రం ఎవరూ అనలేదు. మేడమ్ గడువు ఇప్పించింది, లాయిడ్ వెళ్ళి కాగితాలు నింపిపెట్టాడు. అతన్ని గుమ్మం బయటే కూర్చోబెట్టారట. ఈసారి ఎవరూ ఏడవలేదట.

“నీలాంటివాళ్ళు కావాలి మా కేంద్రానికి. పర్మనెంట్ పోస్టుకి నీ పేరు రాస్తున్నాను,” అంది మేడమ్. నూకరత్నం థాంక్స్ చెప్పింది. ఆ సంతోషం కోసం లోపలంతా వెతికింది, దొరకలేదు. ఫోన్ వంక చూడటం, పక్కన పెట్టడం, మళ్ళీ తీయడం. అత్త ఎత్తడం లేదు. పని ఉండి ఉంటుంది అనుకునేది. సిగ్నల్ లేదేమో అనుకునేది. అనుకోవడానికి ఏదో ఒకటి ఉండేది ప్రతిసారీ.

చివరికి ఒక ఆదివారం పొద్దున్నే ఫెర్రీ ఎక్కింది. అత్తకి ఇష్టమని టౌన్ నుంచి ఖర్జూరాలు తీసుకుంది. కొండ మలుపు తిరగ్గానే ఒడ్డు కనబడింది. ఆటో దిగి అక్కడే నిలబడిపోయింది. పడవలన్నీ ఇసుక మీదే ఉన్నాయి, పట్టపగలు, వరసగా, నంబర్లతో. కాగితాల సంచి భుజాన వేసుకుని తను వస్తున్నా ఒక్కటీ కదల్లేదు. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేసింది తప్పు కాదు, ఇదిగో, ఇది చూస్తే ఎవరైనా ఒప్పుకుంటారు అనుకుంది. గబగబా ఇంటివైపు నడిచింది.

ఇంట్లోంచి మావయ్య గొంతు గట్టిగా వినబడుతోంది. పక్కింటి వాళ్ళెవరో ఏదో అంటే పగలబడి నవ్వుతున్నాడు. ఆమె గుమ్మం ముందుకు వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. ఎరుకమ్మ బయటికి వచ్చి తలుపుకి అడ్డంగా నిలబడింది.

“అత్తా, మావయ్య ఏడీ?”

“ఇంట్లో లేరండి.”

లోపల మావయ్య దగ్గాడు. అది విననట్టే ఎరుకమ్మ నిలబడి ఉంది. జవాబు అబద్ధమని తోస్తే రెండో ప్రశ్న ఎలా వేయాలో నూకరత్నానికి ఉద్యోగంలో నేర్పారు. అందులో ఆమెకు మంచి పేరు కూడా ఉంది. ఇప్పుడు ఖర్జూరాల సంచి రెండు చేతులతో పట్టుకుని, కొత్తగా వచ్చిన మనిషిలా నిలబడిపోయింది.

“అత్తా,” అంది చివరికి. “నేనే అత్తా, రత్నాన్ని.”

“తెలుసండి,” అంది ఎరుకమ్మ.